అడగని బాట

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే రోడ్డు మీద రాయితో విసిరే గిర్ని ఇంకా ఒకటే మిగిలింది. అది వీరభద్రానిది. అక్కడికి జొన్నలు పట్టించుకునే ఊరివాళ్లూ వస్తారు, ప్యాకెట్ పిండి సయించక కార్లలో గోధుమలు తెచ్చుకునే విల్లాల కాలనీ వాళ్లూ వస్తారు. పొద్దున్నే గిర్నికి పసుపు కుంకుమ పెట్టి, అగరుబత్తి ముట్టించి, పోచమ్మను తలుచుకున్నాకే ఆయన మోటారు వేస్తాడు. ఎవరితోనూ మాట పట్టింపు లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని నమ్మి యాభై దాటిన మనిషి.

అందుకే ఎండాకాలం చివర కాలనీ సంఘం కార్యదర్శి సాయినాథ్ వచ్చి చెప్పిన మాట ఆయనకు హాయిగా వినిపించింది.

“వీరభద్రం గారూ, పోయినేడు బోనాలకు గేటు దగ్గర రభస అయింది. మళ్లీ అలా వద్దు. అనుమతి కోరుతూ మీ ఊరి తరఫున ఒక కాగితం ఇవ్వండి. ఆ రోజుకు గేటు తెరిపించే పూచీ నాది.”

“అంతకన్న ఏం గావాలె సారూ! జర గేటు తెరిపియ్యుండ్రి సాలు. అమ్మ దయతోని సల్లగుంటరు.”

ఊరి నుంచి చెరువు పక్కనున్న పోచమ్మ గుడికి బండ్ల బాట ఒకటుంది. ఇప్పుడది విల్లాల మధ్య నుంచి పోతుంది. ఇళ్లు కడుతున్నంతకాలం ఎవరూ అడ్డుకోలేదు. పోయినేడు గోడ లేచింది, గేటు లేచింది, గేటుకు వాచ్‌మన్ వచ్చాడు. వీరభద్రం తల్లి బాలనర్సమ్మ నెత్తిన బోనం, బోనం మీద దీపంతో ముందు నడుస్తుంటే అతను పుస్తకం పట్టుకుని ఎదురొచ్చాడు.

“ఎవరింటికి?”

“పోచమ్మింటికి.”

“విల్లా నంబర్ చెప్పవ్వా.”

ఊరంతా చాలాకాలం ఆ మాట చెప్పుకుని నవ్వింది గానీ బాలనర్సమ్మ నవ్వలేదు. లారీలు పోయే పెద్ద రోడ్డు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. సగం దారిలో గాలికి దీపం ఆరిపోయింది. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆమె ఎత్తిన ఏ బోనం మీదా దీపం ఆరలేదు. ఈసారి ఆ బాటనే, వెలుగుతున్న దీపంతో పోవాలన్నదే ఆమె పట్టు.

సాయంత్రం ఇంట్లో వీరభద్రం ఆ శుభవార్త చెప్పాడు. కూతురు రక్షిత తింటున్న ముద్ద ఆపేసింది. డిగ్రీ అయ్యాక పరీక్ష రాసి న్యాయ కళాశాలలో సీటు తెచ్చుకుంది. అబద్ధాన్ని నిజం చేసే చదువని తండ్రికి లోపల గుబులు. ఎవరైనా అడిగితే “ఏందో సదువుతాంది” అని మాట దాటేస్తాడు.

“సంతకం పెట్టినవా నాయినా?”

“ఇంకా లేదు. పొద్దుగాల నలుగురితోని గలిసి పెడ్త.”

“పెట్టకు. పెడితే బాట పోతది.”

“గిదేం ఇచ్చంత్రం బిడ్డా? అడగందే అమ్మయినా పెట్టదంటరు. అడిగితే పోతదా?”

“అన్నం అడగాలె నాయినా. బాట అడగొద్దు. ఇరవై ఏండ్లు, ఇంకా ఎక్కువ, ఆగకుంట నడిచిన బాట మీద మనకు హక్కుంటది. కాని ఎట్ల నడిచి ఉండాలె? బలిమితోని కాదు, దొంగసాటుగ కాదు, ఒకరి పర్మిషన్ మీద కాదు. ఇప్పుడు కాగితం ఇచ్చినమనుకో, మీ దయ మీద నడుస్తున్నమని మనమే ఒప్పుకున్నట్టు. వచ్చే ఏడు వాళ్లు ఇయ్యమంటే ఏమంటవ్?”

వీరభద్రం చేతిలోని నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. ఆయన సందేహం చట్టం గురించి కాదు.

“బోనం ఎత్తేముందు ‘తల్లీ, సెలవియ్యి’ అని అమ్మనడుగుతం. అమ్మనడిగే నోటితోని మనిషినడిగితే ఏం తక్కువైతది? గంత గర్వం మనకెందుకు?”

మూలన కూర్చుని బియ్యంలో రాళ్లేరుతున్న బాలనర్సమ్మ తలెత్తింది.

“బోనం ఆమెది గాబట్టి ఆమెనడుగుతం. బాట గా సాయినాథ్‌ది ఎప్పుడైందిరా?”

“మరి కోర్టుకు పోదామంటవా అమ్మా? గెలిచినోడు ఇంటికాడ ఏడుస్తడు, ఓడినోడు కోర్టుకాడనే ఏడుస్తడు.”

“కేసు కాదు నాయినా,” అంది రక్షిత. “మేడ్చల్ కోర్టుల న్యాయ సేవల కమిటీ ఉంటది. ఇద్దర్నీ పిలిచి మాట్లాడిస్తరు. రాజీ కుదిరితే అది తీర్పుతోని సమానం, మళ్ల ఎవరూ తిరగబడరాదు. ఆడోళ్లకు ఆస్తి ఉన్నా లేకున్నా వకీలును ఉత్తగనే ఇస్తరు. నాయనమ్మ పేరు మీద పెడదాం.”

“పైసలు తీస్కున్న వకీలే సక్కగ జెప్పడు. ఉత్త వకీలు ఏం జెప్తడే?”

“చెప్పేది మగోడు కాదు, ఆడామె. పోయి చూడు.”

ఆ ఆడామె పద్మలత. పొట్టిగా, గొంతు మాత్రం గంటలా ఉండే న్యాయవాది. బాలనర్సమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మధ్యలో అడ్డం రాకుండా అంతా విన్నది. బాట మీద ఏమేం పోయేవి, ఎవరు చూసేవాళ్లు, ఎవరైనా ఆపేవాళ్లా అని మళ్లీ మళ్లీ అడిగింది. దేవుడి ముందు మొక్కు చెప్పుకున్నంత తీరుబడిగా తల్లి మాట్లాడటం చూసి వీరభద్రానికి ఆశ్చర్యం వేసింది. నోటీసు కాలనీకి వెళ్లింది. ఆషాఢం రాకముందే పిలుపొచ్చింది.

ఆ రోజు నుదుట పోచమ్మ గుడి పసుపు, బండారి, పెట్టుకుని మేడ్చల్ కోర్టుకు వచ్చాడు వీరభద్రం. జడ్జి గారి ముందు ఒకవైపు సాయినాథ్, ఒకవైపు వీళ్లు. రక్షిత వెనక బల్ల మీద కూర్చుంది.

సాయినాథ్ మర్యాదగానే మొదలుపెట్టాడు. “సార్, వీళ్ల మీద మాకు కోపం లేదు. కానీ అది మా స్థలం. మా అనుమతి కావాలని వాళ్లకూ తెలుసు. వీరభద్రం గారే గిర్నిలో నన్ను గేటు తెరిపించమని అడిగారు. అడగలేదని చెప్పమనండి.”

జడ్జి గారు అటు తిరిగారు. “అడిగారా?”

ఆనాడు గిర్ని మోతలో మూడో మనిషి విన్నది లేదు. లేదనే ఒక్క మాటతో బాట దక్కుతుందేమో. నుదుటి మీద బండారి బరువెక్కినట్టయింది. ఈ చదువంటే తను భయపడింది సరిగ్గా ఈ ఘడియకే. కూతురు వైపు చూశాడు. కళ్లతో ఏం సైగ చేస్తుందోనని గుబులు.

రక్షిత సైగ చెయ్యలేదు. పద్మలతే వంగి మెల్లగా అంది. “ఉన్నదున్నట్టు చెప్పన్నా. అబద్ధం మీద బాట నిలవడదు.”

“అడిగిన సారూ,” అన్నాడు వీరభద్రం. “‘జర గేటు తెరిపియ్యుండ్రి’ అన్న. అమ్మ బొట్టు పెట్టుకొని కాదనలేను.”

సాయినాథ్ కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఆ మాటనే పట్టుకుందాం సార్,” అంది పద్మలత. “గేటు తెరవమన్నాడు. నడవనియ్యమని అడిగిండా? మనింటికి ఎవరో తాళమేస్తే తియ్యమనే అంటం. అన్నంత మాత్రాన ఇల్లు తాళమేసినోళ్లదైతదా?”

జడ్జి గారు నవ్వారు గానీ అంతటితో వదల్లేదు. “గేటు నిన్నటిది. కాలనీ రాకముందు అది పట్టా భూమే కదా. అప్పటి పట్టాదారు అనుమతితో నడిచారేమో. ఏమ్మా, వాళ్లు మీకు పర్మిషన్ ఇచ్చేవాళ్లా?”

బాలనర్సమ్మ ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూసింది.

“పర్మిషనేంది సారూ? బండ్లు వోయినయి, పసులు వోయినయి, చేన్లకు వొయ్యెటోళ్లు రోజు వోయిన్రు. ఎవ్వరడిగిన్రు? ఇగ బోనాలనాడైతే ఆ పట్టాదారింటి కోడలు లక్ష్మమ్మ బాట మలుపుకాడ బిందె వట్టుకొని నిలవడేది. బోనమెత్తుకొచ్చినోళ్ల కాళ్లకు నీళ్లు వోసి, మొక్కి, పక్కకు జరిగేది. కాళ్లకు నీళ్లు వోసెటోళ్లు పర్మిషనిచ్చెటోళ్లా?”

వరండాలో కూర్చున్న లక్ష్మమ్మను పద్మలత లోపలికి పిలిపించింది. భూమి అమ్ముకున్నాక ఆమె మేడ్చల్‌లో కొడుకు దగ్గర ఉంటోంది.

“మా అత్త వోసింది, అత్త తర్వాత నేను వోసిన,” అంది లక్ష్మమ్మ. “భూమి అమ్మినం గని బాట అమ్మలే సారూ. అది మాదైతే గద అమ్మేది!”

“ఇక్కడ తీర్పు చెప్పను. రాజీ మీరే కుదుర్చుకోవాలి,” అన్నారు జడ్జి గారు సాయినాథ్‌తో. “కానీ రేపు కేసు నడిస్తే ఈ ఇద్దరి మాటలు మీకెదురుగా నిలబడతాయి. ఆలోచించుకోండి.”

సాయినాథ్ నుదురు రుద్దుకున్నాడు. “మాకు చిన్నపిల్లలున్నారు సార్. ఎవరు పడితే వాళ్లు వస్తారనే భయం. అంతే.”

“పిల్లల భయం మాకు గుడ ఉంటది సారూ,” అన్నాడు వీరభద్రం. “పెద్ద గేటు మీదే, మూసుకోండ్రి. బాటకు చిన్న గేటు వెట్టుండ్రి. వాచ్‌మన్‌ను నిలవెట్టుండ్రి. తాళం మాత్రం వద్దు.”

సాయినాథ్ పక్కకెళ్లి ఫోన్లో సంఘం వాళ్లతో మాట్లాడి వచ్చి తలూపాడు. గుమాస్తా టైపు చేసి చదివాడు. ‘కాలనీ వారి అనుమతితో గ్రామస్తులు సదరు బాటను...’

“ఆగుండ్రి సారూ.” ఆ గొంతు వీరభద్రానిదేనని రక్షిత ఒక పట్టాన నమ్మలేకపోయింది. “ఆ ‘అనుమతి’ మాట తీసెయ్యుండ్రి.”

“మరేం రాయమంటారు?” అన్నారు జడ్జి గారు.

“బోనాలు ఏ రోజో ముందుగాల తెలియజేస్తమని రాయుండ్రి. సెప్పుడు వేరే, అడుగుడు వేరే.”

పద్మలత వెనక్కి తిరిగి రక్షితతో అంది. “మీ నాయిన గూడ చదువుకున్నడానే?”

“గిర్నిల,” అంది రక్షిత.

బోనాల ఆదివారం సన్నగా తుంపర పడుతోంది. డప్పుల మధ్య, వేపరొట్ట పట్టుకుని తల్లి పక్కన నడుస్తున్నాడు వీరభద్రం. ఇంటి దగ్గర బోనం ఎత్తేముందు తల్లితో కలిసి అమ్మను సెలవడిగాడు, ఎప్పటికన్నా నిండుగా. చిన్న గేటు దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ ‘జర’ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగి ముందుకు నడిచాడు. వాచ్‌మన్ పుస్తకం చంకలో పెట్టుకుని దండం పెట్టాడు.

మలుపు దగ్గర సాయినాథ్ దంపతులు ప్లాస్టిక్ బకెట్‌తో నిలబడి ఉన్నారు. సాయినాథ్ మగ్గు ముంచి బెరుగ్గా అడిగాడు. “ఎన్ని పోయాలి పెద్దమ్మా?”

“కాళ్లు తడిస్తె సాలు బిడ్డా. నీ ప్యాంటు తడుపుకోకు.”

నీళ్లు పడ్డాయి. నెత్తి మీద దీపం కదలకుండా వెలుగుతోంది. కాలనీలో ఒకామె గిర్నిలో పిండి పట్టించుకున్నప్పుడు చూసిన గుర్తుతో వీరభద్రాన్ని పలకరించి, వెనకొస్తున్న రక్షితను చూపించి, మీ అమ్మాయి ఏం చదువుతుందని అడిగింది.

“వకీలు సదువుతాంది,” అన్నాడు వీరభద్రం, డప్పుల మోతలో కూడా నలుగురికీ వినపడేలా.