గూట్లో పెట్టిన గొంతు

అన్యాయం జరిగింది గంగమణికి. 1991 శ్రావణంలో, కామారెడ్డిలో, పట్టపగలు, చాయ తాపించి మరీ చేశారు.

నాగిరెడ్డిపేటలో పోచారం కాలువ పారే మళ్లలో నాట్లు వేసే మనిషి గంగమణి. పొద్దున్నే సద్ది కట్టుకుని పోవడం, చీర ఎగదోపుకుని మడిలో దిగడం, నారు కట్ట విప్పుతూ పాట ఎత్తుకోవడం ఆమెకు రోజూ ఉండే పనే. తల్లి దగ్గర నేర్చినవి కొన్ని, సొంతంగా కట్టినవి ఎక్కువ. లావు గొంతు. కింది నుంచి, నిండు బానలో నీళ్లు కదిలినట్టు వచ్చేది. ఆమె పాడితే పక్క మళ్లలో వంగిన నడుములు కూడా అందుకునేవి.

ఆ పాటలు క్యాసెట్ చేస్తానని భూమేశ్ కబురు పెట్టాడు. కామారెడ్డిలో ధాన్యం అమ్మే గంజు వెనక అతనికో రికార్డింగు గది ఉంది. పెళ్లి పాటలు, భజనలు, ఎలక్షన్ల కేకలు అన్నీ అందులోనే తయారయ్యేవి. "పాటలు నీయి, గొంతు నీది, డబ్బా మీద పేరు నీది" అన్నాడు. గంగమణి కూలి పోగొట్టుకుని, బస్సెక్కి పోయి, మైకు ముందు పాడింది.

పాడింది వినిపించడానికి అతని దగ్గర హైదరాబాదు నుంచి తెచ్చిన కొత్త రకం స్పీకర్లున్నాయి. ఆంప్లిఫైయర్ వేరే అక్కర్లేదు, వాటి పొట్టలోనే ఉంటుంది. అంత సరుకు తెచ్చినవాడు ఎక్కడ పెట్టాలి? మన ఇళ్లలో రేడియో వచ్చిన నాటి నుంచీ దాని చోటు గోడలోని గూడే. దీపాన్ని దించి రేడియోని ఎక్కించిన జాతి మనది. భూమేశ్ కూడా మూలల దగ్గరున్న రెండు గూళ్లలో ఆ స్పీకర్లను దోపి, పైన నిమ్మకాయ కూడా కట్టాడు.

బటన్ నొక్కాడు. గంగమణి గొంతు గూళ్లలోంచి గుమ్మని లేచింది, బావిలో పడ్డ మనిషి అరిచినట్టు.

"ఇన్నవా? మొగోని గొంతు! పాటలు మంచిగున్నయి గని గొంతు పనికి రాదు. మా వదినెతోని పాడిస్త. నీకో చీర పెడ్త."

చీర! మనిషి బతుకంతా కట్టుకున్న పాటలకు ఒక చీర!

"మడిల నా గొంతు గిట్లుండది సారూ."

"మడిల ఎట్లుంటె నాకేంది? మిషిన్ అబద్ధం చెప్తదా?"

చదువుకున్న మనిషి, పైగా మిషన్ను సాక్ష్యానికి తెచ్చుకున్నాడు. ఇక నోరెత్తేదెవరు? గంగమణి తిరుగు బస్సులో ఎల్లారెడ్డి దాకా ఏడవకుండా వచ్చి, అక్కడ దిగి, అజ్మత్ బీ ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చింది. అజ్మత్ బీ పాత చీరలతో బొంతలు కుట్టేది. గంగమణి చీరలు చిరిగితే చేరేది ఆమె దగ్గరికే.

"ఏడ్వకు బేటీ. అరె ఖయ్యూం, ఇట్రా! ఈ పిల్ల ముచ్చట ఇను" అని కొడుకును కేకేసింది.

ఖయ్యూం షార్జాలో ఒక రికార్డింగు కంపెనీలో పనిచేసి ఈ మధ్యే వచ్చాడు. వస్తూ అదే రకం స్పీకర్లు ఒక జత, చప్పుడును కొలిచే మీటరు ఒకటి తెచ్చుకున్నాడు. గంగమణి చెప్పిందంతా విని, "గూట్ల పెట్టిండా? గూట్ల?" అని రెండుసార్లు అడిగాడు.

మర్నాడు తన జత, మీటరు, తల్లి కుట్టిన బొంతలు మోసుకుని గంగమణితో పాటు కామారెడ్డి పోయాడు. షార్జా సామాను చూడాలన్న ఆశతో భూమేశ్ రానిచ్చాడు. బోడి గోడల నుంచి చప్పుడు తిరిగి కొట్టకుండా ఖయ్యూం వాటి మీద బొంతలు వేలాడదీశాడు.

అజ్మత్ బీ బొంతలు మాటల్ని తాగేవి. శుక్రవారం ఎండలో దులిపితే తాగినవన్నీ రాలిపడేవి. ఎల్లారెడ్డిలో ఎవరినడిగినా చెప్తారు. కోడళ్లు బొంతలు దులిపే వేళకు అత్తలకు ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. టైలర్ ఘనీ, భార్య పోయాక, ఆమె కప్పుకున్న బొంతను దులపకుండా మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. అయితే బొంత కప్పుకున్నవాళ్ల మాటలే తాగుతుందని అందరి లెక్క. గోడకు వేలాడదీసిన బొంతను అప్పటిదాకా ఎవరూ దులిపి చూడలేదు.

గంగమణి మళ్లీ మైకు ముందు పాడింది. తర్వాత ఖయ్యూం పరీక్ష క్యాసెట్ పెట్టాడు. సన్నగా కూసే ఒకే చప్పుడు కింది నుంచి పైకి మెట్లెక్కుతూ పోతుంది. భూమేశ్ జతను గూట్లో పెట్టి కొలిచాడు. లావు స్వరం దగ్గర మీటరు ముల్లు ఎగిరిపడింది. తన జతను అదే గూట్లో పెట్టాడు. ముల్లు అక్కడే ఎగిరింది.

"చూడు అన్నా, రెండు జతలు ఒక్కతాననే ఎగుర్తున్నయి. తప్పు స్పీకర్లది గాదు, గొంతుది అసలే గాదు. ఇది గూడు చేసే లొల్లి."

రెండు జతల్నీ గోడకు దూరంగా, చెవి ఎత్తున స్టూళ్ల మీద పెట్టి కొలిస్తే ముల్లు కుదుటపడింది. తేడా అప్పుడు బయటపడింది. ఖయ్యూం జత కింది నుంచి పైదాకా ఇంచుమించు ఒకే తీరుగా పలికింది. భూమేశ్ జత సన్న స్వరాల దగ్గర లేచింది.

"నీ జత సన్న గొంతులకు పౌడరు రాస్తదన్నా!"

భూమేశ్ మొహం మాడింది. "మీటరు నీది, ఒక జత నీది, గొంతు మీ అమ్మ దోస్తుది. ఇగ తీర్పు సుత నువ్వే చెప్తవా? తీస్కపో నీ సామాను!" అని తన స్పీకర్లను మళ్లీ గూట్లోకే ఎక్కించాడు. బొంతలను మాత్రం ఉంచుకున్నాడు. గది చప్పుడు ముద్దుగా ఉందట! సిగ్గన్నది అంగట్లో దొరికితే ఇంత కొని పెట్టేదాన్ని.

అతని వదిన విమలమ్మ వచ్చి గంగమణి పాటలు పాడింది. చెడ్డ మనిషి కాదు. భజనల్లో పాడే సన్నని, తీరైన గొంతు. ఆమెకు భూమేశ్ చెప్పింది ఒకటే: నాట్లు వేసే ఆమెకు మైకు ముందు పాడటం రాలేదు అని.

కొన్నాళ్లకు అజ్మత్ బీ తన బొంతల కోసం వచ్చింది, మోయడానికి తోడు గంగమణి. "గింత దుమ్ముతోని కండక్టరు బస్సెక్కనిస్తడా?" అంటూ వాటిని గంజు మైదానంలోకి తెచ్చి, ఒక కొస తను, ఒక కొస గంగమణి పట్టుకుని దులిపారు.

మొదట గంగమణి పాట రాలింది. అక్కడ గూడు లేదు, మూల లేదు, గోడే లేదు. ఏ పెట్టె పొట్టలోంచీ రాలేదు. ఎండలో, ధాన్యం కుప్పల మధ్య, ఆ గొంతు ఎంతుందో అంతే వినిపించింది. మూటలు మోసే హమాలీలు మూటలతోనే నిలబడిపోయారు. చప్పుడు విని విమలమ్మ గది గడపలోకి వచ్చింది.

ఇంకో బొంత దులిపారు. విమలమ్మ పాట రాలింది, దాని వెనకే భూమేశ్ మాట, ఎవరితోనో నవ్వుతూ:

"గొంతుకేమైంది, గొంతు బంగారం. గని కూలిదాని పేరు డబ్బా మీద ఏస్తె మా ఇంటి ఇజ్జతేముంటది? గొంతు బాగలేదంటె అదే పోతది."

"వదినె, అది బొంత..." అంటూ భూమేశ్ ఉరికి వచ్చాడు.

"బొంత అబద్ధం చెప్పంగ నువ్వెన్నడన్న ఇన్నవా మరిదీ?" అంది విమలమ్మ. అలా ఎవరూ ఎన్నడూ వినలేదు. అతనూ వినలేదు.

"ఆమెకు పాడొస్తలేదంటివి. నా నోట్ల దొంగ సొమ్ము పెట్టినవు గదా! రేపు నేను ఏ మొహంతోని భజనల కూసోవాలె?"

లోపలికి పోయి గూళ్లలోంచి స్పీకర్లను తనే దించి స్టూళ్ల మీద పెట్టింది. తను పాడిన టేపును మొదటికి తిప్పింది.

"రా చెల్లె, దీని మీదనే పాడు. నాది పోని."

"మంచిగ పాడినవక్కా, పాడు చేస్తనా?"

"నీ పాటనే గద, నీకే ఇస్తున్న."

గంగమణి మైకు దగ్గరికి పోతూ భూమేశ్ ముందు ఆగింది. "చీర పెడ్తనంటివి సారూ. ఉంచుకో. బొంతకు పనికొస్తది."

హమాలీలు గడపలో కూర్చుని విన్నారు. భూమేశ్ బటన్ నొక్కాడు, ఏం చేస్తాడు మరి.

ఆ క్యాసెట్ కామారెడ్డిలోనూ ఎల్లారెడ్డిలోనూ బస్టాండు దుకాణాల్లో అమ్మారు. డబ్బా మీద "పాటలు, గొంతు: గంగమణి, నాగిరెడ్డిపేట" అని ఉంటుంది. దాని కింద విమలమ్మ పట్టుబట్టి అచ్చు వేయించిన రికార్డింగు తేదీ: 1991 సెప్టెంబర్ 20, శుక్రవారం.