మేపుల్ చెక్క మీద పసుపు మరక

సాగర్ ఆనకట్ట కడుతున్న రోజుల్లో, మాచర్ల బడిపంతులు చిన్నప్ప చర్చిలో గిటారు వాయించేవాడు. మిషను దొర ఇచ్చివెళ్లిన ఆ గిటారుకి వేళ్లు నొక్కే మెడ వార్నిష్ వెయ్యని మేపుల్ అనే తెల్లటి సీమచెక్క. చెయ్యి తగిలితే మరక పట్టేది. శనివారాలు సన్న ఉప్పుకాగితంతో రుద్ది, చుక్క నూనె అద్ది తుడిచేవాడు.

ఒక శనివారం మెడ మీద పసుప్పచ్చని మరక కనిపించింది. పక్కింటి యోహాను ఎన్నిసార్లు అడిగినా గిటారు ఇవ్వలేదు కాబట్టి అతని మీదే అనుమానపడి, అతనితో మాటలు మానేశాడు. మరువారం మళ్లీ మరక. వాసన చూస్తే వంటింటి పసుపు.

"ఏమే సుందరీ, దీన్ని ముట్టుకుంది నువ్వా?"

"నేనేనండీ. మీరు బడికి పోయినాక వాయించుకుంటన్నా," అంది భార్య.

"నేర్పిందెవురు?"

"మిమ్మల్ని చూసే నేర్చుకున్నా."

అతను నమ్మలేదు. వాయించి చూపించమన్నాడు. ప్రతి ఆదివారం తాను తప్పే చోటే ఆమె కూడా తప్పింది. చిన్నప్పకు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి.