భానుప్రియ చేతి కూర

రెజిమెంటల్ బజార్‌లో భానుప్రియ పెట్టుకున్న కర్రీ పాయింట్‌కు చెడ్డపేరు తెచ్చినవాడు పోటీ దుకాణంవాడు కాదు. తాళి కట్టిన మొగుడు తాతాజీయే.

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, కూరలకు జనం ఎగబడే వేళ, తాతాజీ ఆ కొట్టు పక్క కాలువ మీద వంగి పేగులు బయటికొచ్చేలా కక్కుకున్నాడు. ఎదురు కొట్లో సెల్‌ఫోన్లు బాగుచేసే విజయేందర్ నీళ్ల సీసాతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది భయ్యా? పొద్దుగాల ఏం తిన్నవ్?"

తాతాజీ మూతి తుడుచుకున్నాడు. "ఏటి తింతాను? మా ఆడది వొండిందే."

నోటికొచ్చిన మాట అనేశాడు. కూర కోసం నిలబడ్డవాళ్లలో ఇద్దరు గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయారు. బజారుకు అంతకన్నా ఏం కావాలి?

అప్పటినుంచి ఆ వాంతులు వస్తూ పోతూనే ఉన్నాయి. వస్తే మాత్రం రోజుల తరబడి వదలవు. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, గుక్కెడు నీళ్లు కూడా నిలవవు. ఊరట ఒక్కచోటే, స్నానాలగదిలో. బకెట్లో హీటర్ రాడ్డు పెట్టి, పొగలు కక్కే నీళ్లు నెత్తిన కుమ్మరించుకుంటూ కూర్చుంటే ప్రాణం కుదుటపడేది. వీపు కమిలిపోయినా లేచేవాడు కాదు. బన్సీలాల్‌పేట్‌లో వాళ్లుండే ఇంటి యజమానురాలు విమలమ్మ పైనుంచి అరిచేది.

"ఏందమ్మా భానూ, ట్యాంకు నింపుడు ఆలస్యం, ఖాళీ! మీ ఆయన మనిషా, బర్రెనా? దినమంత నీళ్లల్లనే పడుంటడు!"

తిట్లు తిన్నదీ భానుప్రియే, కూరలు మార్చుకున్నదీ భానుప్రియే. ముందు ఇంగువ మానేసింది. తర్వాత కారం తగ్గించింది. విజయనగరంలో తల్లి దగ్గర నేర్చుకున్న పనసపొట్టు కూర, గోంగూర, చేపల పులుసు ఒక్కొక్కటీ కొట్టులోంచి మాయమయ్యాయి. చప్పిడి కూర ఎవడు కొంటాడు? మొన్న ఆషాఢంలో షట్టర్ దించేసింది. ఆమె తాళం వేస్తుంటే పక్కన నిలబడి, "పోన్లే, నీ సెయ్యి కలిసి రాలేదు," అన్నాడు తాతాజీ. అలా ఓదార్చాడు మహానుభావుడు.

అతను మందు ముట్టడు. చుట్టాల్లో, బజారులో అతనికున్న పెద్ద పేరు అదే. ఆటోల కరెంటు పని ముగిశాక, షెడ్డు వెనక్కి పోయి లాగే గంజాయి ఎవరి లెక్కలోకీ రాదు. మీసం మొలిచిన నాటి అలవాటు. "ఆకే కదా, సాధువులు తాగడం లేదా? ఇల్లు గుల్ల చేసేది మందు గానీ ఇది కాదు," అని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. పైగా వికారానికి అది మంచిదని ఎవడో అన్నాడట. కడుపు తిప్పితే చాలు, ఇంకో రెండు దమ్ములు ఎక్కువ లాగేవాడు. అగ్గిలో ఆజ్యం పోసి చల్లారలేదని ఏడ్చినట్టు.

ఈసారి కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు. డాక్టరు ఝాన్సీలక్ష్మి రిపోర్టులు తిరగేసింది.

"స్కానింగ్ బాగుంది, ఎండోస్కోపీ బాగుంది. ఒంట్లో నీళ్లు పోయి కిడ్నీలు మాత్రం దెబ్బతింటున్నాయి. అలవాట్లేమైనా ఉన్నాయా?"

"మందు ముట్టనండి. మా చుట్టాలు నన్ను సూపించి పిల్లలకి బుద్ధి సెప్తారు."

"ఇంటి భోజనమేనా?"

"అదేనండి గొడవంతా."

మంచం పక్కన భానుప్రియ తల దించుకుంది. "నానేటి వొండినా పడదండి డాక్టరుగారూ. వేడినీళ్లు పోసుకుంతేనే తగ్గుద్ది. పొద్దల్లా పోసుకుంతాడు, ఈపు తోలు లేసిపోయినా సరే."

డాక్టరు చేతిలోని కాగితాలు పక్కన పెట్టి అతని వైపు చూసింది. "గంజాయి తాగుతావా?"

తాతాజీ పైకప్పు వైపు చూశాడు. జవాబు పక్కనుంచి వచ్చింది.

"తాగుతాడండి. పెళ్లికి ముందునుంచీ."

"నీకెవలు సెప్పినారే?"

"ఎవలో సెప్పాలేటి మావా? నాకు ముక్కు లేదా? మందు కాదు కదా అనుకున్నాను. నీ పరువు పోద్దని మాయమ్మకి కూడా సెప్పలేదు."

డాక్టరు నెమ్మదిగా చెప్పింది. ఏళ్ల తరబడి తాగేవాళ్లలో కొందరికి ఇలా తిరగబడుతుంది. వాంతులు, నొప్పి, వేడినీళ్ల కోసం ఆరాటం, అన్నీ ఒకే జబ్బు. గంజాయి వల్లనని తెలియక చాలామంది ఏళ్లపాటు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు. పూర్తిగా మానితేనే తగ్గేది. మళ్లీ ముట్టుకుంటే మళ్లీ వస్తుంది, కిడ్నీల దాకా పోతుంది.

"వంటకీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా," అంది చివర్లో, భానుప్రియతో.

తాతాజీ దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. ఆమె అతని పరువును ఇన్నేళ్లూ కొంగున కట్టుకుని కాపాడింది. అతను ఆమె పరువును కాలువ గట్టున పారబోశాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, ఒక పొద్దున్న, ఆమె చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ దరిద్రం పారేసినావా?"

"పారేసినాను. ఇప్పుడే, కాలవలో."

"అయితే బజారుకెల్దాం పద. నా సెయ్యి మంచిది కాదని ఎవలెవలికి సెప్పినావో, ఆలందరికీ నిజం సెప్పు. నాను మల్లీ కొట్టు తెరవాల."

విజయేందర్ కొట్టు ముందు నలుగురు చాయ్ తాగుతున్నారు. అందరూ ఒకప్పుడు భానుప్రియ దగ్గర కూరలు కొన్నవాళ్లే. తాతాజీ గొంతు సవరించుకున్నాడు.

"భయ్యా, ఆ వాంతులు కూర వల్ల కాదు. నాను గంజాయి తాగుతాను. దాని వల్ల. డాక్టరే సెప్పింది."

విజయేందర్ అతన్ని ఎగాదిగా చూసి పకపకా నవ్వాడు. "నువ్వా? గంజాయా? దావత్‌ల బీరు గ్లాసు చూస్తే ఆమడ దూరం ఉరుకుతవ్ కదనే! వదినా, నీ కిస్మత్ మంచిగుంది. నీ తప్పు సుత తన నెత్తిన ఏసుకుంటుండు."

"బంగారమసొంటి మనిషి," అన్నాడు చాయ్ తాగుతున్న ఒక పెద్దాయన. "గిసొంటి మొగుడు ఎవ్వలకు దొరుకుతడు?"

"నిజంగా భయ్యా! ఒట్టు!"

"ఊకో భయ్యా, పరేషాన్ గాకు. మాకు తెల్వదా నువ్వేందో?"

నోరుజారి అన్న ఒక్క మాటను మూడేళ్లు నమ్మిన బజారు, ఒట్టేసి చెబుతున్న నిజాన్ని నమ్మడం లేదు. వచ్చేటప్పుడు తలెత్తుకుని నడిచిన భానుప్రియ ఇప్పుడు నేల చూస్తోంది. చెప్పినకొద్దీ తను ఇంకా మంచివాడైపోతున్నాడు, ఆమె చెయ్యి ఇంకా చెడ్డదైపోతోంది.

అతని చెయ్యి ప్యాంటు జేబు మీద ఉంది. పొద్దున్న పారేశానన్న పొట్లం ఆ జేబులోనే ఉంది. చివరిసారి ఒక్కసారి, అనుకుని ఉంచుకున్నాడు. బయటికి తీస్తే బజారు నమ్ముతుంది. తీస్తే ఆమె కూడా చూస్తుంది. తియ్యకుండా తిరిగెళ్లిపోతే, బంగారంలాంటి మనిషి బంగారంలాగే మిగిలిపోతాడు.

తీశాడు. విజయేందర్ గాజు బల్ల మీద పెట్టాడు. మడత విడిపోయి గుప్పున వాసన కొట్టింది.

నవ్వు ఆగిపోయింది. చాయ్ తాగే పెద్దాయన గ్లాసుతోసహా పక్కకు జరిగాడు.

"అరే, తీయ్ భయ్యా, తీయ్! పోలీసోళ్లు చూస్తే నా దుకాణం బంద్!" అని విజయేందర్ ఒక పాత గుడ్డ దాని మీద విసిరాడు. తర్వాత, గొంతు తగ్గించి, "అంటే... వదిన కూర మంచిదేనా?" అన్నాడు.

"మంచిదే," అన్నాడు తాతాజీ. "మొదట్నుంచీ మంచిదే."

భానుప్రియ ఆ మాట విన్నట్టు లేదు. ఆ గుడ్డ వైపే చూస్తోంది.

"పొద్దున్న కాలవలో పారేసినానన్నావు కదా మావా," అంది.