భట్టీసరాయ్‌లో ఆగని బస్సు

మా పెదనాన్న బచిత్తర్ సింగ్ జలంధర్ బస్టాండ్‌లో కేకల మనిషి. బస్సు పక్కన నిలబడి, జి.టి. రోడ్డు మీది ఊళ్ళన్నీ ఒకే ఊపిరిలో కేకేయడం ఆయన పని. ఫగ్వాడా గొరాయా ఫిల్లౌర్ లూధియానా దోరాహా భట్టీసరాయ్ ఖన్నా సర్హింద్ రాజ్‌పురా అంబాలా! నలభై ఏళ్ళుగా అదే వరస. మధ్యలో ఒక ఊరు తీసేస్తే నాలుక తడబడి మళ్ళీ ఫగ్వాడా నుంచి మొదలెడతాడు. భట్టీసరాయ్ మీదుగా ఫ్లైఓవర్ వేసి రెండేళ్ళయింది. మా బస్సు పైనుంచే పోతుంది.

"ఆ ఒక్క పేరూ వదిలెయ్ పెదనాన్నా" అని బతిమాలాను.

"ఏం, ఊరేమన్నా లేచిపోయిందా?" అంటాడు. ఆ బస్సు కండక్టర్ని నేను కాబట్టి తిట్లు తినేదీ నేనే.

ఆ ఆదివారం బస్సు కిక్కిరిసి ఉంది. టికెట్లు కొట్టుకుంటూ చివరి వరసకు చేరేసరికి లూధియానా దాటేశాం. గులాబీ తలపాగా పెద్దాయన ఒకడు ఒళ్ళో స్టీలు డబ్బాను పసిపిల్లలా పట్టుకుని కూర్చున్నాడు.

"భట్టీసరాయ్ ఒకటి" అన్నాడు.

"అక్కడ ఆగదు బాబాయ్. ఖన్నాలో దిగి వెనక్కి రావాలి."

"కేకేశాడు కదయ్యా! నా చెవులతో విన్నాను. పది గంటలకి మా మేనకోడలికి గాజులు తొడగాలి. పదకొండుకి మగపెళ్ళివాళ్ళు దిగుతారు."

టైము తొమ్మిదిన్నర. పేరు తర్లోక్ సింగ్ అట. డబ్బాలో ఎర్రగాజులు, ఆనవాయితీ ప్రకారం పాలనీళ్ళలో నానుతున్నాయి. మా వైపు పెళ్ళికూతురికి ఆ గాజులు మేనమామే తొడగాలి, తొడిగేదాకా ఏమీ తినకూడదు. పిల్ల తల్లి పోయి ఆరేళ్ళయింది. మేనమామ అంటే మందీమార్బలంతో, మిఠాయి బుట్టలతో దిగాలి. ఈయనకి పెళ్ళీ లేదు, వెనక ఎవరూ లేరు.

"ఒక్కణ్ణే వస్తున్నానని ముందే చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ ఒక్కడూ లేకుండా పోతే పిల్ల తలెత్తుకోగలదా?" అన్నాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కేక మా ఇంటివాడిదే.

డ్రైవర్ మల్కీత్ దగ్గరికి వెళ్ళి గాజుల సంగతంతా చెప్పాను. "ఫ్లైఓవర్ మొదట్లో కిందికి దింపు అన్నా. పాతరోడ్డు మీద వెళ్దాం."

"మీ పెదనాన్న అరుపులకి నా ఉద్యోగం పోవాలా? అంబాలాకి లేటైతే నన్ను ఉరేస్తారు."

ముందు సీట్లో ఉన్న రిటైరైన హెడ్మిస్ట్రెస్ బల్వంత్ కౌర్ కళ్ళజోడు సవరించుకుంది. "ఏరా, నీ గాజులు... అదే, నీ పెళ్ళాం గాజులు ఎవరు తొడిగారు?"

"వాళ్ళ మేనమామ."

"ఆయన ఖన్నాలో తిరుగుతూ ఉంటే నీకు పెళ్ళయ్యేదా? తిప్పు!"

వెనక నుంచి "తిప్పు, తిప్పు" అని బస్సంతా అందుకుంది. మల్కీత్ అందరినీ కలిపి ఒక బూతు తిట్టి, స్టీరింగ్ ఎడమకి తిప్పేశాడు.

పాతరోడ్డు గతుకుల్లో పడుతూ లేస్తూ తొమ్మిదీ యాభైకి పెళ్ళిపందిరి ముందు ఆగాం. తర్లోక్ సింగ్ దిగి, డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. గుమ్మంలో ఆడవాళ్ళు మేనమామ వైపువాళ్ళని ఎగతాళి చేసే పాటలకి సిద్ధంగా ఉన్నారు. ఎగతాళి చేయడానికి ఒక్కడే మనిషి.

"పదండి" అని హెడ్మిస్ట్రెస్ దిగింది. ఆమె వెనక నేను, నా వెనక యాభై మంది. లూధియానా దుప్పట్ల వ్యాపారి రెండు దుప్పట్లు భుజానేసుకున్నాడు. ఎవరో పిల్లల కోసం కొన్న బర్ఫీ పెట్టె పైకెత్తారు. గుమ్మంలో ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు. తర్వాత తెగ సంబరపడి, "వచ్చారమ్మా మామలు, చీపురు కట్టల్లాంటి గడ్డాలేసుకుని!" అని పాట అందుకున్నారు. అంత కమ్మటి తిట్లు నా జన్మలో తినలేదు.

గాజులు తొడిగే ముందు మేనమామ వైపు ప్రతి మనిషీ వాటిని తాకి దీవించాలి. పెళ్ళికూతురు హర్‌లీన్ వాటిని చూడకూడదు. కళ్ళు మూసుకుని, తలమీద ఓణీ కప్పుకుని కూర్చుంది. గాజుల పళ్ళెం చేతినుంచి చేతికి వెళుతోంది. వ్యాపారి తాకాడు. కాలేజీ పిల్లలు తాకారు. గాజులు గలగలమంటూనే ఉన్నాయి. ఆ పిల్ల కళ్ళు తెరవకుండానే గొణిగింది.

"మామా, ఒక్కడివే వస్తానన్నావుగా. ఇంతమంది ఎవరు?"

చివరగా పళ్ళెం పట్టుకున్న మల్కీత్ తలపాగా సర్దుకున్నాడు.

"దారిలో కలిశాం తల్లీ" అన్నాడు.