అందరూ తిన్నాక

దుప్పటి పిండుతుంటే మణికట్టు కలుక్కుమంది. "మాత్ర వేసుకుంటే పోయేదానికి మొహం అలా పెడతావేం?" అన్నారు మా ఆయన గుమ్మంలోంచి. నిజమే, పోతుంది. కాసేపటికి వాపు తగ్గి, చెయ్యి నాది కానట్టు పనిచేసుకుపోతుంది. ఇంట్లో అంట్లు, దుప్పట్లు, ఆపైన బట్టలు కుట్టే దుకాణంలో సాయంత్రందాకా కత్తెర. మా అత్తగారు ఆ మాత్రని "నోరులేని కోడలు" అని మెచ్చుకునేవారు, ఎదురు చెప్పకుండా పని జరిపిస్తుందని. నాకు మాత్రం ఒకటే వింత. గొంతు దిగిన మాత్రకి నా మణికట్టు దారి ఎవరు చెబుతారు?

రోజూ ఆ మాత్రతోనే కొన్ని నెలలు గడిచాయి. కడుపులో మంట మొదలైంది. ఒక ఉదయం విరేచనం తారులా నల్లగా అయింది. దుకాణం మెట్లెక్కుతుంటే కళ్ళు తిరిగి కూలబడ్డాను. యజమానురాలు ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

లోపల రక్తం కారుతోందని చెప్పి డాక్టరమ్మ నన్ను వెంటనే చేర్చుకుంది. సెలైన్ ఎక్కుతుండగా నా సందేహం అడిగేశాను. ఆవిడ నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుంది. మాత్రకి దారేమీ తెలియదట, ఒళ్ళంతా తిరుగుతుందట. వాపు తెప్పించే పదార్థాన్ని ఒంట్లో తగ్గిస్తుంది. కానీ కడుపు లోపలి పొరని కాపాడేదీ, మూత్రపిండాలకి రక్తం సరిగా అందేలా చూసేదీ ఆ పదార్థమే. బెణుకుకో పంటినొప్పికో నాలుగు రోజులైతే మంచి మందేనంది. డాక్టరుకి చూపించుకోకుండా నెలల తరబడి మింగితే కడుపులో పుండు పడుతుంది, బీపీ పెరుగుతుంది, మూత్రపిండాలకీ గుండెకీ ముప్పు.

"తిన్నాకే వేసుకోవాలని ఎవరూ చెప్పలేదా?"

"అందరూ తిన్నాకే వేసుకుంటున్నానండీ."

"మరి మీరు?"

పొద్దున వాళ్ళందరి కంచాలూ ఎత్తాక, అంట్ల ముందు కూర్చోబోయే ముందు మాత్ర. నా తిండి దుకాణంలో, ఎప్పుడు తీరితే అప్పుడు. ఇన్నాళ్ళూ "తిన్నాక" అన్న మాటలో నేనున్నానని నాకు తోచనే లేదు. తిని వేసుకున్నా ఇన్ని నెలలు వాడటం గండమేనని, ముందు ఆ చేతికి విశ్రాంతి కావాలని చెప్పి ఆవిడ లేచింది.

మణికట్టుకి పట్టీతో ఇంటికొచ్చాను. బకెట్లో దుప్పట్లు నానుతున్నాయి. ఆ మాత్ర ఇక ముట్టకూడదన్నారని చెప్పాను. మా ఆయన బకెట్ వంకా నా చేతి వంకా చూశారు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగారు.

"మరి ఇంట్లో పనులెలా?"

నేను కుర్చీలో కూర్చున్నాను.

"నాకూ అదే చూడాలని ఉంది."