వసీం కట్టిన ఇల్లు

మా అన్న వసీం సౌదీలో, పనికి పోయిన దమ్మాంలోనే పోయాడు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. అక్కడే మట్టి చేశారు. ఇక్కడ ఎల్లారెడ్డిలో అమ్మీకీ నాకూ వెళ్లి ఫాతెహా చదవడానికి సమాధి కూడా లేదు. మాకు మిగిలిందల్లా ఒక కంప్యూటర్ ఆటలో వాడు కట్టిన ఇల్లు.

తెలియనివాళ్లకు ఆ ఆట పనిలేని పని అనిపిస్తుంది. ఉత్త చేతులతో అడవిలో దింపుతారు. ఎటు పొమ్మనీ చెప్పరు, ఏం చెయ్యమనీ చెప్పరు. చెట్టు కొట్టుకోవాలి, రాళ్లు ఏరుకోవాలి, గొడ్డలి చేసుకోవాలి, కడుపు చూసుకోవాలి. నాకు నచ్చిందేమిటంటే అక్కడ మోసం నడవదు. కప్పు లేకపోతే వానకు పొయ్యి ఆరిపోతుంది. స్తంభం లేకుండా దూలం వేస్తే కూలుతుంది. అంత నికార్సు పని మా ఊరి మేస్త్రీల దగ్గర కూడా చూడలేదు. నచ్చనిది మోత. నాలుగు దుంగలు ఎత్తితే అడుగు పడదు, ఒక్క గోడకు పూటంతా పోతుంది. చచ్చిపోతే మన మూట చచ్చినచోటే పడి ఉంటుంది. మళ్లీ లేచి, ఒట్టి చేతులతో తోడేళ్ల మధ్యకు పోయి తెచ్చుకోవాలి.

శుక్రవారం అన్నకు సెలవు. జుమా నమాజు అయ్యాక వాడు క్యాంపు గదిలోంచి, నేను ఇంట్లోంచి ఆడేవాళ్లం. చెవిలో వాడి మాట వినబడుతూ ఉండేది.

"నువ్వు కట్టెలు తే, నేను కడుత" అనేవాడు.

"ఆటల గూడ ఆడిపిల్లకే కట్టెల పనా?"

"నువ్వు కడితే అది బర్ల కొట్టమైతది."

అన్న లేనప్పుడు ఆ లోకంలోకి నాకు దారి ఉండేది కాదు. ఇంటాయన తలుపు తీస్తేనే కదా లోపలికి పోయేది, ఇదీ అంతే అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. నేను మీసేవలో ఆపరేటర్ని. రోజుకు వందమంది కాగితాలు కంప్యూటర్లో భద్రం చేస్తాను. నా తెలివి ఎంతదో మీకు తెలియాలని చెబుతున్నాను.

అన్న గదిలోనే ఉండే యాకూబన్న సెలవుకు వస్తూ వాడి సామాను అట్టపెట్టెలో తెచ్చాడు. బట్టలు, గడియారం, లాప్‌టాప్. మాలో పోయినవాళ్ల వస్తువులు అవసరమున్నవాళ్లకు ఇస్తారు, ఆ పుణ్యం వాళ్లకు చేరుతుందని. నలభయ్యో రోజున బట్టలు పంచాం. లాప్‌టాప్ తాడ్వాయిలో నర్సింగు చదివే సైమాకు ఇద్దామంది అమ్మీ.

"అండ్ల పాటలు, ఆటలు గిట్ల ఉంటే తీపియ్యి బిడ్డా. ఆ పిల్ల వాటితోటి పొద్దు గడిపితే, ఆ పాపం మీ భయ్యా లెక్కల రాస్తరు."

ఆ భయం నాకూ ఉంది. కామారెడ్డికి బస్సెక్కి, కలీమ్ భాయ్ కంప్యూటర్ దుకాణానికి పోయాను. ఫోటోలు కాపీ చేసుకుని, ఇంకేమీ ఉంచొద్దన్నాను.

"మంచిగ చూసుకో చెల్లె, మల్ల రాదు" అని ఆయన రెండుసార్లు చెప్పాడు.

ఏమీ వద్దన్నాను. ఆట అంటే ఇంటర్నెట్లో ఎక్కడో ఉంటుందనే నా నమ్మకం. పైపైన ఆట పోతుంది, ఇల్లు ఉంటుంది, పాపం తగలదు అనుకున్నాను.

తరువాతి శుక్రవారం, వాడు ఎప్పుడో చెప్పిన పాస్‌వర్డుతో వాడి పేరు మీదే నా లాప్‌టాప్‌లో ఆట తెరిచాను. ఆటలో నేను నడిపే మనిషి ఉంది, దాని సంచిలో దుంగలున్నాయి. అన్న లోకం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు వెతికి తెలుసుకున్నాను. ఆట ఎవరు మొదలుపెడితే లోకం వాళ్ల యంత్రంలోనే ఉంటుందట. ఇంత నికార్సయిన ఆటలో ఇంత పెద్ద లోపం ఎందుకు పెట్టారో నాకిప్పటికీ తెలియదు. కలీమ్ భాయ్‌కి ఫోన్ చేస్తే, అంతా తుడిచేశానన్నాడు. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు వాడు పోయిన రోజు కూడా ఏడవలేదు.

మరునాడు అమ్మీ నా పక్కన వచ్చి కూర్చుంది. ఎన్నడూ ఆ ఆట మొహం చూడని మనిషి.

"వాడు ఇల్లు కట్టిన అన్నడు. ఒక్కపారి చూపియ్యి. పాపమైతే నాకే కానీ."

"శుక్రారం చూపిస్త అమ్మీ" అన్నాను.

రోజూ పని నుంచి రాగానే కూర్చుని, కొత్త లోకంలో కట్టడం మొదలుపెట్టాను. పోచారం చెరువులా ఉందని వాడు ఎంచుకున్న చోటులాంటి చోటే వెతికాను. రెండు గదులు, అరుగు, వెనక వంటిల్లు. గుర్తున్నంత మేరకు కట్టాను.

శుక్రవారం అమ్మీ అద్దాలు పెట్టుకుని, తలమీద కొంగు సర్దుకుని, పెదాలు కదిలిస్తూ దువా చదువుకుంది. గదులు చూసింది. అరుగు చూసింది. వంటింట్లోకి తీసుకుపోగానే మొహం కిందికి వాలింది.

"దీనికి కిటికీ లేదేంది?"

"ఏం కిటికీ?"

"నీకోసం వంటింట్ల కిటికీ పెట్టిన అమ్మీ, నిలవడి చెరువు చూడొచ్చు అన్నడు. ఆఖరి ఫోన్ల చెప్పిండు."

నోటికొచ్చింది అనేశాను. "ఈ ఆటల కిటికీ పెట్టనీకి రాదు."

అమ్మీ అద్దాలు తీసింది. "అయితే అబద్ధం చెప్పిండన్నట్టు" అంది. "పోనీ. నా దిల్ ఖుష్ చెయ్యనీకి అన్నడు."

కళ్లు తుడుచుకుని లేవబోయింది. మా అన్న ఎన్నడూ అమ్మీకి అబద్ధం చెప్పలేదు. పని పోయిన నెల, పోయిందనే చెప్పాడు. చచ్చినవాణ్ణి నేను అబద్ధాలకోరును చేశాను. అమ్మీ చెయ్యి పట్టుకున్నాను.

"భయ్యా అబద్ధం చెప్పలే. కిటికీ పెట్టొచ్చు. ఇది వాడు కట్టింది కాదు, నేను కట్టిన. వాడిది నేనే తుడిపిచ్చిన అమ్మీ."

మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. అమ్మీ మళ్లీ కూర్చుంది.

"తీపియ్యమన్నది నేనే గద" అంది. అద్దాలు మళ్లీ పెట్టుకుని నా వైపు తిరిగింది. "మరి ఆ కిటికీ ఎట్లుండె? చెరువు మంచిగ కనవడుతుండెనా?"

ఆఖరి శుక్రవారం ఆటలో వాడు వంటింట్లోకి రమ్మని, ఒకటి చూపిస్తానని నాలుగుసార్లు పిలిచాడు. కట్టెలు నిండలేదు, మళ్లీ వారం వస్తానన్నాను.

"నేను చూడలే అమ్మీ" అన్నాను.