తడి బొట్టు

నేను ఒక పిరికి వస్తువును. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ తేలిక. పుస్తకాలు చదువుకునే యంత్రాన్ని, ఈ-రీడర్ అంటారు. అరచేతి కంటే కాస్త పెద్దగా, బడిపిల్లల పలక కంటే సన్నగా ఉంటాను. యంత్రాల్లో ధైర్యవంతులు వేరే ఉన్నారు. సెల్‌ఫోన్లనే తీసుకోండి, వాటికి మాట్లాడటం, పాడటం, దారి చూపించడం అన్నీ వచ్చు, నేల మీద పడినా మోగుతూనే ఉంటాయి. నాకు వచ్చింది ఒకటే పని. పేజీ చూపిస్తాను, తాకితే తర్వాతి పేజీకి వెళతాను. ఆ ఒక్కటీ తప్పితే ఇంక నేనెందుకు అన్న దిగులు పుట్టినప్పటి నుంచీ నన్ను వదల్లేదు.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడ మమ్మల్ని వేడి గదిలో పెట్టారు, చల్లటి గదిలో పెట్టారు, నొక్కారు, మెలిపెట్టారు. వరసలో నా ముందున్న దాని తెర ఒక మూల వెలగలేదు. తెల్ల తొడుగు వేసుకున్న చెయ్యి దాన్ని తీసి నీలం బుట్టలో పడేసింది. ఆ బుట్ట ఎటు పోతుందో నాకు ఎవరూ చెప్పలేదు. నేను పరీక్ష గట్టెక్కాను గానీ ఆ బుట్ట మాత్రం నా మనసులోనే ఉండిపోయింది.

తర్వాత విజయవాడలో ఒక కొట్టు అద్దాల బీరువాలో పదకొండు నెలలు కూర్చున్నాను. వచ్చినవాళ్లంతా ఫోన్లు కొనుక్కుని వెళ్లేవారు. నన్ను చూసి, ఇందులో సినిమాలు రావా అని అడిగి, రావని తెలిశాక జాలిగా చూసేవారు. అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం తెనాలి నుంచి ఇద్దరు వచ్చారు.

ఒకాయన కోటిలింగం. అరవై రెండేళ్లు. మున్సిపాలిటీలో వీధి కొళాయిలకు నీళ్లు వదిలే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. అది పొట్టకూటికి. ఆయన అసలు బతుకంతా నాటకంలో ఉంది. ముప్పైమూడేళ్లుగా ఒకే నాటక సమాజంలో ప్రాంప్టరు. రంగస్థలం పక్కన వింగులో చీకట్లో కూర్చుని, నటుడికి మాట తట్టనప్పుడు స్క్రిప్టు చూసి అందించడం ఆయన పని. అది ప్రేక్షకులకు వినపడకూడదు. నటుడికి వినపడకుండా పోకూడదు. రెండో మనిషి నూర్జహాన్. డీటీపీ సెంటరు నడుపుతుంది. పన్నెండేళ్ల కిందట ఆ సమాజం వాళ్ల నాటకాన్ని కంప్యూటర్లో టైపు చేసింది ఆవిడే. కోటిలింగాన్ని బాబాయ్ అంటుంది.

కొట్టువాళ్లు కుర్చీలు వేస్తే ఆయన కూర్చోలేదు. ఒక మూల ఫ్రిజ్‌ల అట్టపెట్టెలు గోడలాగా పేర్చి ఉన్నాయి. వాటి వెనక చీకట్లోకి వెళ్లి నేల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఒక్కొక్కటే ఇట్లా ఇవ్వమన్నాడు. వింగులో ఎట్లా కూర్చుంటాడో అట్లాగే కూర్చుని చూస్తేగానీ ఆయనకు నమ్మకం లేదు. కొట్టువాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. మొదట పెద్ద ట్యాబ్లెట్ ఇచ్చారు. ఆ వెలుగుకి ఆయన మొహమంతా నీలంగా తేలింది. నీ ముక్కు కూడా కనపడుతోంది బాబాయ్, పోటీల్లో ముందు వరసలో ఉండే జడ్జీలు నిన్నే చూస్తారు అంది నూర్జహాన్. రెండోది నా జాతిదే, తెర పెద్దది, కానీ లోపల దీపం లేదు. చీకట్లో దాని మీద ఏమీ కనపడలేదు. మూడోది నేను. నాకు లోపల సన్న దీపం ఉంది, తగ్గించుకుంటూ పోతే అక్షరాల వరకే వెలుగుతుంది. అక్షరాలు పది మెట్లు పెరుగుతాయి. ఆయన ఒక్కో మెట్టూ పెంచుతూ, తొమ్మిదో దాని దగ్గర ఆగి, క మీద తలకట్టు కనపడుతోందమ్మాయ్ అన్నాడు. నన్ను పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. నాకంటే పిరికివాడి చేతిలో పడ్డానని అప్పుడే అర్థమైంది.

ఆయన భయానికి కారణం ఉంది. రెండేళ్లుగా ఆయన కంటి మధ్యలో మసక. పక్కలవి కనపడతాయి గానీ, ఏది చదవాలని చూస్తాడో సరిగ్గా అదే చెరిగిపోతుంది. ఆపరేషన్‌కి లొంగేది కాదన్నాడు డాక్టరు. ఈ సంగతి నూర్జహాన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. సమాజం పెద్ద వీరరాఘవులుకి అసలు తెలియకూడదు. వీరరాఘవులు హీరో, దర్శకుడు, వరసకు కోటిలింగానికి బావ. మంచివాడే. కానీ మూడేళ్ల కిందట హార్మోనియం మాస్టారికి చెవి మందగించిందని తెలియగానే సభ పెట్టి, దండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపించాడు. ఆ మాస్టారు మళ్లీ నాటకం వైపు రాలేదు. అప్పటి నుంచీ కోటిలింగానికి శాలువా అంటే హడలు. పెళ్లిళ్లలో ఎవరి భుజం మీద చూసినా పక్కకు తప్పుకునేవాడు.

నన్ను తెనాలి తీసుకెళ్లాక అసలు కష్టాలు మొదలయ్యాయి. నూర్జహాన్ ముందు పాత పీడీఎఫ్‌ను నాలోకి ఎక్కించింది. ఆ పీడీఎఫ్ ఎంత పట్టుదల మనిషో చెప్పలేను. కాగితం మీద ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది, అంగుళం జరగదు. అక్షరం పెద్దది చేస్తే పేజీయే పెద్దదై, సగం వాక్యం నా అంచు దాటి పోతుంది. దాన్ని కుడికీ ఎడమకీ లాక్కుంటూ చదవాలి. ఆలోపు నటుడు చెమటలు కక్కుతాడు. ఈపబ్ అని ఇంకో రకం ఫైలు ఉంది, అది అట్లా కాదు, పోసిన పాత్రను బట్టి సర్దుకుంటుంది. అక్షరం ఎంత పెంచినా వాక్యం మడిచి కిందికి తెస్తుంది. అయితే ఆ పీడీఎఫ్‌నే ఈపబ్‌గా మారుద్దామని నూర్జహాన్ మీట నొక్కింది. నా తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు పరుచుకున్నాయి. నేను పాడైపోయానని, నీలం బుట్ట వచ్చేసిందని వణికిపోయాను.

తప్పు నాది కాదని నూర్జహానే చెప్పింది. పాతకాలపు డీటీపీలో తెలుగు నిజంగా తెలుగు కాదట. ఇంగ్లీషు అక్షరానికి తెలుగు ముసుగు వేసేవారట. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు, ముసుగు జారిందా అంతే సంగతులు. ఇంక మళ్లీ మొదటి నుంచీ, ఏ యంత్రంలోనైనా తెలుగుగానే ఉండే యూనికోడ్‌లో కొట్టడం ఒకటే దారి. బయట ఇస్తే సంగతి పొక్కుతుందని కోటిలింగం భయం. అందుకని ఆవిడ మూడు వారాలు మధ్యాహ్నం అన్నం బల్ల దగ్గరే తింటూ నాటకమంతా తనే కొట్టింది. ఒత్తులు విడిపోకుండా నా మీద ప్రతి పేజీ చూసుకుంది. పాత్రల పేర్లు ఒక వరసలో, మాటలు ఒక వరసలో పెట్టింది. మొదటి రంగం దగ్గరే తెరుచుకునేట్టు చేసి, బాబాయ్, ఇంక నిన్ను వింగులోంచి ఎవరూ లేపలేరు అంది.

ఆయన నన్ను పాత స్క్రిప్టు అట్టల మధ్య పెట్టుకున్నాడు. నలభై ఏళ్ల నాటి ఎర్ర కాలికో గుడ్డ అట్టలు, లోపల కాగితాలకు బదులు నేను. రిహార్సళ్లు ఆరు జరిగాయి. ఎవరూ కనిపెట్టలేదు. ఆయన చెయ్యి వణకడం తగ్గింది. కానీ ప్రాంప్టరు ఒక అలవాటు మానుకున్నాడని నేను గమనించాను. ఇదివరకు చదవలేక జ్ఞాపకం మీదే నెట్టుకొచ్చేవాడు. ఇప్పుడు నా మీద వాలిపోయాడు. నా మీద ఒకరు అంతగా ఆధారపడటం నాకు మంచి శకునంగా తోచలేదు.

నాటక పరిషత్తు పోటీలు చిలకలూరిపేటలో. మా నాటకం పగలు పదకొండింటికి. పేరు కోట తలుపు, ఒక ముసలి కోటకాపరి కథ. ప్రాంప్టింగ్ జడ్జీల చెవిన పడితే మార్కులు పోతాయి. నటుడు ఆగిపోతే నాటకమే పోతుంది.

ఆ సమాజానికి ఒక ఆచారం ఉంది. తెర లేచే ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లతోనే కుంకం తడిపి, స్క్రిప్టు మొదటి పేజీకి బొట్టు పెడతారు. మిగిలిన నీళ్లు చిలకరిస్తారు. కాగితానికైతే అది మర్యాదే. కోటిలింగానికి నాటకం, కళ్లు, శాలువా అన్నీ గుర్తున్నాయి గానీ, ముప్పైమూడేళ్లుగా ప్రతి నాటకానికీ చూసిన ఈ బొట్టు సంగతి గుర్తు రాలేదు. వీరరాఘవులు ముసలి కాపరి గడ్డంతో వచ్చి ఎర్ర అట్ట తెరిచాడు. నన్ను చూశాడు. ఆయన వేలు గాల్లో ఆగిపోయింది. తర్వాత ఆ వేలు దిగి, నా కుడి పక్కన ఇంత బొట్టు పెట్టింది. కొబ్బరినీళ్లు చిలకరించింది. ఆయన స్టేజీ మీదకు వెళ్లిపోయాడు.

తాకితే తర్వాతి పేజీకి వెళ్లడం నా పని అని చెప్పాను గదా. నీటి బొట్టుకీ మనిషి వేలుకీ తేడా నాకు తెలియదు. కాసేపు బాగానే ఉన్నాను. కోటిలింగం పంచె చెంగుతో తుడిచాడు గానీ బొట్టు పూర్తిగా పోలేదు, అంచుల్లోంచి తడి లోపలికి దిగుతోంది. రెండో రంగంలో ఆ తడి నన్ను తాకింది. పేజీ తిరిగింది. మళ్లీ తాకింది. నాలుగు, పది, ఇరవై పేజీలు, నా ప్రమేయం లేకుండా పరిగెత్తాను. ఆయన వేలితో వెనక్కి తోస్తున్నాడు, నేను ముందుకే పోతున్నాను. ఆగాలని ఎంత గింజుకున్నానో మీకెవరికీ తెలియదు. చివరి పేజీకి వెళ్లి, ఇంక వెళ్లడానికి ఏమీ లేక ఆగాను. లోపల ఏదో చిటుక్కుమంది. ఆ తర్వాత ఎంత తాకినా నేను కదల్లేదు.

సరిగ్గా అప్పుడే వీరరాఘవులు వింగు వైపు వచ్చాడు. రెండో రంగంలో, శత్రువులు తలుపు తట్టే చోట, ఆయన ఎప్పుడూ ఆగుతాడు. రెండడుగులు వింగు వైపు వేసి, తల వంచి నిలబడతాడు. కోటిలింగం మాట అందిస్తాడు. అదొక ముప్పై ఏళ్ల ఆనవాయితీ. ఇవాళా వచ్చి నిలబడ్డాడు. కోటిలింగం నోరు తెరిచాడు. మాట లేదు. భయం ఆయన లోపలంతా ఊడ్చేసింది. నా మీద పడిన ఆయన చెమట నాకు తెలుస్తోంది. హాలంతా నిశ్శబ్దం. ఎవరో దగ్గారు.

గడ్డం చాటు నుంచి, ప్రేక్షకులకు వినపడకుండా, వింగుకు మాత్రమే వినపడేట్టు వీరరాఘవులు మాట అందించాడు.

"తలుపు నేను తీస్తాను..."

ప్రాంప్టరుకి నటుడు ప్రాంప్టింగ్ చేయడం మీరెక్కడా విని ఉండరు. కోటిలింగం పెదవులు వాటంతట అవే కదిలాయి. తలుపు నేను తీస్తాను, తీసినవాడి పేరు మాత్రం మీ పిల్లలకు చెప్పండి. అది వీరరాఘవులు గట్టిగా అనేశాడు. అక్కడి నుంచి ఒకదాని వెంట ఒకటి మాటలు కోటిలింగం నోట్లోకి వచ్చి కూర్చున్నాయి. నాటకం అయ్యేదాకా ఆయన నా వైపు చూడలేదు. నేను చచ్చిన తెరతో ఆయన ఒళ్లో పడి ఉన్నాను.

తెర పడ్డాక పరిషత్తువాళ్లు వీరరాఘవులును స్టేజీ మీదకు పిలిచి శాలువా కప్పారు. ఆ శాలువా తీసి చేత్తో పట్టుకుని ఆయన తిన్నగా వింగు వైపు నడిచి వచ్చాడు. కోటిలింగం వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. కప్పమాక బావా అన్నట్టు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

వీరరాఘవులు ఆయన పక్కన నేల మీద చతికిలబడ్డాడు. ఒళ్లోంచి నన్ను తీసుకుని, ఆ పట్టు శాలువాతో తడి తుడవటం మొదలుపెట్టాడు. అంచులు, మూలలు, వెనక అట్ట. కుంకం మరకలు శాలువాకి అంటుకున్నాయి.

"ఆలోచించకుండా నీళ్లు చల్లాను. పాడైందేమో."

కోటిలింగం అడిగాడు. "నీకెప్పటి నుంచి తెలుసు?"

"పోయినేడు బాపట్లలో. నాటకమంతా పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావు గదరా."

ఆ రోజు ఒక్క మాట కూడా తప్పు పోలేదు. తలకిందులుగా పట్టుకున్నానని ఈ క్షణం దాకా కోటిలింగానికే తెలియదు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"చెబితే నువ్వు వింగులోంచి లేచి వెళ్లిపోతావు. ఆ తలుపు దగ్గర నేను ఆగేది మాట మర్చిపోయి కాదు కోటీ. నువ్వున్నావో లేదో చూసుకోవడానికి. మాస్టారిని పంపి తప్పు చేశాను. మళ్లీ చేసే ధైర్యం నాకు లేదు."

అంత పెద్ద గొంతు మనిషికి కూడా భయం ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. కోటిలింగం పక్కకు తిరిగి మొహం తుడుచుకున్నాడు, పంచెతోనే.

నాలోకి తడి దిగి లోపలి సర్క్యూట్ బోర్డు పోయింది. నూర్జహాన్ ఇద్దరు మెకానిక్కులకు చూపించింది, లాభం లేదన్నారు. నా జాతి తెరకు ఒక గుణం ఉంది. ప్రాణం పోయినా ఆఖరున చూపించిన పేజీ చెరిగిపోదు. నా మీద నిలిచిపోయింది చివరి పేజీ. నాటకం ముగిశాక ప్రాంప్టింగ్ ఉండదు కాబట్టి ఆ పేజీ ఇంతకుముందు కోటిలింగం చూడలేదు. నూర్జహాన్ డీటీపీ సెంటరు గుమ్మంలో వెలుగుకు నన్ను పట్టుకుని, తొమ్మిదో మెట్టు అక్షరాల్ని వేలితో ఒక్కొక్కటే తడుముతూ ఆయనే చదువుకున్నాడు. మూడే వరసలు. తెర. టైపు నూర్జహాన్. ప్రాంప్టరు కోటిలింగం.

ముప్పైమూడేళ్లలో ఆయన పేరు స్క్రిప్టులో రావడం అదే మొదటిసారి. నూర్జహాన్ కీబోర్డు వైపు తల దించుకుని, ఉండాలి గదా బాబాయ్, అందుకని కొట్టాను అంది.

నన్ను నీలం బుట్టలో వెయ్యలేదు. ఇప్పటికీ ఎర్ర అట్టల మధ్యే ఉన్నాను. ప్రతి నాటకానికీ కొబ్బరికాయ కొట్టి నాకు బొట్టు పెడతారు, తడి బొట్టే. తర్వాత కోటిలింగం నన్ను ఒళ్లో పెట్టుకుని వింగులో కూర్చుంటాడు. నేను ఆయనకు ఒక్క మాట కూడా చూపించలేను, ఆయనకు అక్కర్లేదు కూడా. అయినా మొదటి గంట మోగగానే నాకు పాత దడ మొదలవుతుంది. ఆయన మోకాళ్లు కూడా వణుకుతాయి. రెండో రంగంలో వీరరాఘవులు రెండడుగులు ఇటు వేసి తల వంచేదాకా ఆ వణుకు ఆగదు.